పటాన్‌చెరు బస్సులో ఓడ పెట్టె

మేం ఓడల కోసం పెట్టెలు తయారుచేసిన ఆ రెండేళ్ళలో, మా టెస్టింగ్ విభాగం మొత్తంలో సముద్రాన్ని కళ్ళారా చూసినవాడు ఒక్కడే. వాడు కూడా పెళ్ళయిన కొత్తలో భార్యతో వైజాగ్ వెళ్ళి చూశాడు. సముద్రం ఎట్లుంటదిరా అని అడిగితే సిగ్గుపడి టీ తాగడానికి పోయేవాడు. మిగిలిన మాకందరికీ నీళ్ళంటే సింగూరు, మంజీరా. అంతకు మించి తెలియదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఇన్నేళ్ళు టెస్టింగ్‌లో పనిచేశారు కదా, ఏం నేర్చుకున్నారని. నేర్చుకున్నది చాలానే ఉంది, మరిచిపోయింది కూడా అంతే ఉంది. అందుకని గొప్పలు పక్కన పెట్టి నేను చేసిన ఒక తప్పు చెబుతాను. నా ఉద్యోగ జీవితంలో నేను చేతులెత్తి దండం పెట్టదగ్గ ఇద్దరు మనుషులు ఆ తప్పు వల్లనే నాకు దొరికారు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మాది మధ్యరకం ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ. ఎనభైల్లో నేను చేరినప్పుడు మీటర్లు, వైర్‌లెస్ సెట్లు చేసేవాళ్ళం. రెండువేల తర్వాత, ఆ దశకం చివరి రోజుల్లో, మాకు ఈ ఓడల పెట్టె ఆర్డరు వచ్చింది. అది ఏం చేస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను. బోటులో బిగిస్తే చాలు, అది ఆకాశంలోని ఉపగ్రహాల సాయంతో తానెక్కడుందో తెలుసుకుంటుంది. తర్వాత రేడియోలో దానంతటదే చెప్పుకుంటూ పోతుంది: నేను ఫలానా బోటును, ఇక్కడున్నాను, ఇటు పోతున్నాను, ఇంత వేగంతో పోతున్నాను. చుట్టుపక్కల ఉన్న ఓడలన్నీ ఆ మాట విని తమ తెర మీద ఒక చుక్క చూపిస్తాయి. వాటి మాటలు విని ఇది కూడా తన చిన్న తెర మీద వాటిని చూపిస్తుంది. పొగమంచులో, వానలో, కన్ను పనిచేయని చోట ఒకరినొకరు గుద్దుకోకుండా ఉండే ఏర్పాటు అది. ఇంత చిన్న పెట్టె ఇంత పెద్ద పని చేస్తుందా అని నాకు మొదటి రోజు నుంచీ అబ్బురమే. ఇప్పటికీ అబ్బురమే.

మొదటి విడతగా నలభై పెట్టెలు చేసి తూర్పు తీరంలో ఒక హార్బరులోని మరపడవలకు పంపాం. నలభైకీ టెస్టు రిపోర్టు మీద సంతకం నాది.

నా సంతకం అంటే మా ఫ్యాక్టరీలో కొంచెం భయం ఉండేది. అబద్ధమెందుకు, నాకు పొగరు కూడా ఉండేది. టెస్టు ఎట్లా చేసేవాళ్ళమంటే, మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన యాంటెనాలు నిలబెట్టి, తీగలు కిందికి దించి, బల్ల మీద పెట్టెలు వరుసగా పెట్టి రెండు రోజులు నడిపించేవాళ్ళం. ఇంకో బల్ల మీద వాటి మాటలు వినే యంత్రం, దాని తెర ఉండేవి. రిపోర్టులో ఒక గడి ‘వేగం’ అని ఉండేది. బల్ల మీద ఉన్న పెట్టెకు వేగమేముంటుంది, సున్నా. ఒక్కోసారి ఉపగ్రహాల లెక్క కాస్త అటూ ఇటూ అయి సున్నాకు బదులు ఏదో చిన్న అంకె చూపించేది. అది మామూలే, తప్పు కాదు. కానీ నేను ఒక రూలు పెట్టాను: సున్నా చూపిస్తేనే పాస్, లేకుంటే మళ్ళీ టెస్టు. కదలకుండా సున్నా దగ్గర కూర్చున్న పెట్టే మంచి పెట్టె అని నా లెక్క. ఓడలో పోయే పెట్టెను ఒకచోట నిలబెట్టి పరీక్షించి పాస్ చేసిన ఘనుణ్ణి నేను. సముద్రం ఎరిగిన ఏ ఊళ్ళోనూ ఈ తప్పు జరగదు. మా దగ్గరే జరుగుతుంది.

నా పక్క బల్ల మీద టెస్టు చేసే ఆమెకు అప్పుడు ముప్పై అయిదేళ్ళుంటాయి. సంగారెడ్డి అవతలి ఊరు, చర్చి కుటుంబం, వాళ్ళ నాన్న బడి పంతులు. పొద్దున ఫ్యాక్టరీ బస్సులో వచ్చి, మూడింటికి మొదటి షిఫ్టు కాగానే అదే బస్సులో పోయేది. నేను చెల్లె అని పిలిచేవాణ్ణి. ఎక్కువ మాట్లాడేది కాదు. మాట్లాడితే మాత్రం ఎదుటివాడు తలకాయ గీక్కోవాల్సిందే. సున్నా రూలు పెట్టిన రోజునే అడిగింది.

“సార్, గిది సముద్రంల నడిచేది గద. నడిస్తె ఎట్లుంటదో మనం ఎప్పుడన్న సూసినమా?”

“నడిచేది బోటు, పెట్టె కాదు. నువ్వు నీ గడులు నింపు” అన్నాను.

ఆమె నింపింది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

మూడు నెలలకు హార్బరు బోట్ల సంఘం నుంచి ఒక పెట్టె, దాంతో ఒక చీటీ వచ్చాయి. తెల్లవారుజామున మసకలో ఒక పెద్ద సరుకుల ఓడ వాళ్ళ బోటు మీదికి నేరుగా వచ్చిందట. వాళ్ళ తెర మీద ఆ ఓడ చక్కగా కనిపిస్తూనే ఉంది. పెట్టె మీద ‘పంపుతున్నాను’ అనే పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. మనం వాళ్ళకు కనిపిస్తున్నాం కదా, తిరుగుతారులే అని వీళ్ళు ధైర్యంగా వల లాగుతూ కూర్చున్నారు. ఓడ తిరగలేదు. చివరి నిమిషంలో వల కోసి పడేసి ఇంజను పెంచి బయటపడ్డారు. బోటులో ఏడుగురు ఉన్నారు.

ఆ పెట్టెను నేను రెండు రోజులు కాదు, నాలుగు రోజులు బల్ల మీద నడిపించాను. బంగారంలా పనిచేసింది. సున్నా అంటే సున్నా. ‘లోపం ఏమీ లేదు, తీగలు సరిగా బిగించుకోగలరు’ అని రాసి, సంతకం చేసి, తిప్పి పంపాను. పైగా భోజనాల దగ్గర నలుగురితో అన్నాను, చేపలు పట్టేటోళ్ళకు కనెక్షన్లు ఏం తెలుస్తయి అని. చెల్లె తలెత్తి నా వైపు చూసింది.

ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ నిషేధం ఇంకో ఆరు రోజుల్లో ముగుస్తుందనగా, ఒక మధ్యాహ్నం గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఫోన్ చేశాడు.

“సార్, మీ కోసం ఎవరో ఓడ మనిషి వచ్చిండు.”

వెళ్ళి చూస్తే అరవైకి దగ్గరపడ్డ మనిషి, లుంగీ, తెల్ల చొక్కా, నల్లగా ఎండిన చేతులు. ఒళ్ళో తువ్వాలులో చుట్టిన మా పెట్టె. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చి, లింగంపల్లిలో దిగి, బస్సు పట్టుకుని, అడుగుతూ అడుగుతూ వచ్చాడట. బోటు నడిపే పెద్దను అక్కడ సరంగు అంటారు. ఆ ఓడ మీదికొచ్చిన బోటు సరంగు ఆయనే. జేబులోంచి నా ఉత్తరం తీశాడు.

“బాబుగారూ, ఈ సంతకం తమదేనాండి?”

“నాదే.”

“అయితే తమతోనే మాట్టాడాలండి. తీగలు బాగానే బిగించామండి. ఆరు రోజుల్లో బోట్లన్నీ ఎల్లిపోతాయండి. నలభై బోట్లు. అందరూ ఆ పచ్చ లైటు సూసుకునే ఎల్తారండి. నాకు బయమేత్తంది.”

కోపంతో వస్తే నేను కూడా కోపంతో మాట్లాడేవాణ్ణి. ఆయన చేతిసంచిలోంచి ఎండు రొయ్యల పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు, మా ఊరి నుంచి ఉత్త చేతులతో ఎలా వత్తామండి అని. తనను తప్పు పట్టినవాడి కోసం రొయ్యలు తెచ్చిన మనిషి.

లోపలికి తీసుకెళ్ళి పెట్టెను బల్ల మీద నడిపించి చూపించాను. చుక్క వచ్చింది, పచ్చ లైటు వెలిగింది. చూశారా అన్నట్టు ఆయన వైపు చూశాను.

“ఆయ్, ఒడ్డునున్నంతసేపూ మా కాడా బాగానే పన్జేత్తాదండి. హార్బరు ఆఫీసు తెర మీద మా బోటు కనపడతానే ఉంటాది. బయలెల్లాకే ఏదో అవుద్దండి.”

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. యాంటెనా ఎత్తు, ఉప్పుగాలి, బ్యాటరీ. పక్క బల్ల నుంచి చెల్లె లేచి వచ్చింది.

“కాకా, జెర ఆగు. బయలెల్లినంక అంటే, బోటు కదిలినంకనా?”

“ఆయ్, కదిలాకేనమ్మా.”

ఆమె నా వైపు తిరిగింది. “సార్, మన బల్ల ఎన్నడన్న కదిలిందా?”

నేను రాసిన సున్నాలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు వరుసగా నిలబడ్డాయి. నలభై రిపోర్టులు, నలభై సున్నాలు. ఈ పెట్టెకు రెండు పద్ధతులు ఉంటాయి. బోటు ఆగి ఉంటే మూడు నిమిషాలకోసారి మాట పంపుతుంది, కదిలితే అర నిమిషానికోసారి పంపాలి. ఆ రెండో పద్ధతిని మేం ఒక్కనాడూ చూడలేదు. మా దగ్గర ఏదీ కదలలేదు కాబట్టి చూడవలసిన అవసరమే రాలేదు.

“బస్సుల పెడదం సార్” అంది చెల్లె. “మూడింటికి ఎట్లన్న పోతది గద.”

మాటలు పంపి పరీక్షించుకునేందుకు మాకు అనుమతి ఉంది, తక్కువ శక్తి మీద పెట్టుకున్నాం. కారు బ్యాటరీ ఒకటి, పెట్టె, యాంటెనా పట్టుకుని ఆమె, సరంగు బస్సెక్కారు. కిటికీ ఊచకు యాంటెనాను ఆమె చున్నీతో కట్టింది. షిఫ్టు దిగిన జనం ఊరుకుంటారా.

“ఏందక్కా, బస్సుకు టీవీ పెడుతున్నవా?”

“ఓడ పెడుతున్న. ఈత రానోళ్ళు ఇప్పుడే దిగుండ్రి.”

డ్రైవరు మాత్రం సరంగును చూసి తన పక్క సీటు ఖాళీ చేయించాడు. బండి నడిపేవాడికి బండి నడిపేవాడంటే గౌరవం ఉంటుంది.

నేను బల్ల దగ్గర తెర ముందు కూర్చున్నాను. తెర మీద మా ఫ్యాక్టరీ దగ్గర ఒక్క చుక్క. బస్సు గేటు దాటిందని సెక్యూరిటీ అతను ఫోన్ చేసి చెప్పాడు. చుక్క కదలలేదు. రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు, పది నిమిషాలు అయింది. ఫోన్ మోగింది, చెల్లె.

“సార్, యాడ కనవడుతున్నం?”

“గేటు కాడనే.”

“మేం ముత్తంగి దాటుతున్నం.”

“లైటు?”

“పచ్చగనే ఉంది సార్. మంచిగ వెలుగుతుంది.”

ఫోన్ సరంగు తీసుకున్నాడు. “ఇదేనండి బాబుగారూ. ఆ రోజు కూడా ఇదేనండి.” ఆయన గొంతులో గెలిచానన్న సంతోషం ఏమాత్రం లేదు.

బస్సు కప్పు ఇనుముది కదా, అందువల్లనేమో అని నేను ఇంకా గింజుకున్నాను. చేసిన తప్పును ఒప్పుకునే ముందు మనిషి ఎన్ని వంకలు వెతుక్కుంటాడో ఆ రోజు నన్ను చూసి నేర్చుకోవాల్సింది. చెల్లె డ్రైవరును బతిమాలి బస్సును పక్కకు ఆపించి, పెట్టెను ఆపి మళ్ళీ వేసింది. కాసేపటికి తెర మీద చుక్క గేటు దగ్గర మాయమై ముత్తంగి అవతల తేలింది. బస్సు కప్పు అడ్డం కాదన్నమాట. మళ్ళీ కదిలారు. చుక్క అక్కడే నిలబడిపోయింది. బస్సు సంగారెడ్డి వైపు వెళ్ళిపోయింది. నా తెర మీద అది ఇంకా ముత్తంగి దగ్గరే ఉంది, ఇంకాసేపటికి అదీ లేదు.

కదలగానే పెట్టె మూగపోతోంది. ఎదుటివాళ్ళ మాటలు వింటోంది, తన మాట చెప్పడం లేదు. పైగా చెబుతున్నానని పచ్చ లైటు వేసి అబద్ధమాడుతోంది. పెట్టె లేని బోటు సరంగు కళ్ళు నాలుగు చేసుకుని చూసుకుంటాడు. మా పెట్టె ఉన్నవాడు నమ్మి వల లాగుతాడు. పెట్టె లేకపోవడం కంటే ఉండడమే ప్రమాదం. ఆ ప్రమాదం మీద నలభై సార్లు సంతకం చేశాను.

మరునాడు పొద్దున మేనేజరు గదిలో నేను, చెల్లె, డిజైన్ విభాగం ఇంజనీరు కూర్చున్నాం. చివర్లో ప్రోగ్రాంలో చేసిన ఒక సవరణ వల్ల జరిగిందని, రెండు రోజుల్లో సరిచేస్తానని ఇంజనీరు అన్నాడు. మేనేజరు చెడ్డవాడు కాదు. కానీ పై ఆఫీసుకు జవాబు చెప్పుకోవలసినవాడు.

“అయితే ఇప్పుడే ఎవరికీ ఏమీ చెప్పొద్దు. సరిచేశాక సర్వీసు పేరు మీద వెళ్ళి మార్చేసి వద్దాం. ఇన్ని వందల ఏళ్ళు పెట్టెలు లేకుండానే పోయారు కదా” అన్నాడు.

నేను తల ఊపాను. అవును, ఊపాను. ఆ ఉత్తరం తప్పని ఒప్పుకోవలసిన పని తప్పుతుంది కదా అని లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది.

చెల్లె లేచి నిలబడింది. మేనేజరు గదిలో ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి.

“సార్, పెట్టెలు లేనప్పుడు వాళ్ళు కండ్లను నమ్ముకొని పోయిండ్రు. ఇప్పుడు మన లైటును నమ్ముకొని పోతరు. మనం పోకముందుకే ఒక్క బోటు పోయినా, గా ఏడుగురి ఇండ్లకు మీరు పోయి చెప్తరా, నన్ను పొమ్మంటరా?”

ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. పర్మినెంటు కూడా కాని మనిషి. ఆ మాటకు ఉద్యోగం పోవచ్చునని ఆమెకు బాగా తెలుసు.

నేను మేనేజరు బల్ల మీది ఫోన్ నా వైపు లాక్కున్నాను. హార్బరు సంఘం నంబరు సరంగే రాసిచ్చాడు. వాళ్ళ అధ్యక్షుడితో చెప్పాను: పెట్టెలో లోపం ఉంది, మీ తీగల్లో కాదు, మాది తప్పు, నేను రాసిన ఉత్తరం తప్పు, మేం వచ్చేదాకా ఏ బోటూ ఆ లైటును నమ్మొద్దు, నలభైకి నలభై ఆపేయండి. మేనేజరు నా వైపు చూస్తూ కూర్చున్నాడు, ఫోన్ మాత్రం లాక్కోలేదు. ఆ పుణ్యం ఆయనకు దక్కాలి. నేను ఫోన్ పెట్టేశాక, “మరి ఇద్దరూ టికెట్లు చేయించుకోండి” అన్నాడు.

సరిచేసిన ప్రోగ్రాంను అదే బస్సులో మళ్ళీ పరీక్షించాం. ఈసారి చుక్క ముత్తంగి దాటింది, ఇస్నాపూర్ దాటింది, మా యాంటెనాకు అందినంత దూరం పోయింది. తర్వాత ల్యాప్‌టాప్ పట్టుకుని నేను, చెల్లె, అప్పటిదాకా మా ఇంట్లోనే ఆగిన సరంగు రైలెక్కాం. రెండు రోజులు హార్బరులో బోటు నుంచి బోటుకు దూకుతూ నలభై పెట్టెలూ సరిచేశాం. చివరి బోటు కాగానే నేను సంచి సర్దుకుంటుంటే సరంగు అడ్డం నిలబడ్డాడు.

“మీరు ఓసారి ఒడ్డు మీద పరీచ్చ సేసి పంపారండి. ఈసారి మాతో రండి. దిగితే గానీ లోతు తెలీదండి.”

నాకు ఈత రాదు. ఏదో వంక చెప్పబోయాను. “నేనొస్త కాకా” అని చెల్లె అప్పటికే బోటెక్కి కూర్చుంది. ఆమెకు కూడా ఈత రాదు. ఇగ నేను ఎక్కకుంటే మగాడి మొహం ఎక్కడ పెట్టుకోను.

నిషేధం ముగిసిన పొద్దున నలభై బోట్లూ ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి. ఒడ్డు కనపడకుండా పోయేసరికి ఇద్దరం వాంతులు చేసుకుని బోటు అంచు పట్టుకుని కూలబడ్డాం. బోటు వాళ్ళు నిమ్మకాయలు ఇచ్చి నవ్వారు. చెల్లె మాత్రం నిమ్మకాయ వాసన చూస్తూనే కళ్ళు పెట్టె మీది నుంచి తీయలేదు. వేగం గడిలో సున్నా లేదు. ఎనిమిది అని ఉంది. నాకు అంత అందమైన అంకె ఇంకోటి కనపడలేదు.

వల దించి లాగుతుండగా, తొమ్మిది దాటాక మసక కమ్మింది. తెర మీద ఒక ఓడ కనిపించింది, సూటిగా మా వైపే వస్తోంది. కంటికి ఇంకా ఏమీ కనపడటం లేదు, చప్పుడు మాత్రం సన్నగా వస్తోంది. సరంగు చెయ్యి ఇంజను మీదికి పోయింది. ఒకడు వల కోసే కత్తి తీశాడు. అందరూ ఒకసారి నా మొహం వైపు చూశారు. దేవుడా, ఈ ఒక్కసారి నా పెట్టెను మాట్లాడించు అనుకున్నాను. చెల్లె కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది.

బోటు రేడియోలో గరగరమని ఒక గొంతు వచ్చింది. మన దేశపు యాస కాదు, విరిగిన ఇంగ్లీషు. అది బోటు పేరు పిలిచింది. ఆ బోటుకు ఉన్నది సరంగు తల్లి పేరు. మళ్ళీ పిలిచింది. సరంగు రేడియో వైపు చూస్తూ రాయిలా ఉండిపోయాడు.

“కాకా, నిన్నే పిలుస్తున్నరు” అంది చెల్లె. “ఉన్నమని చెప్పు.”

ఆయన మైకు తీసుకుని తనకు వచ్చిన రెండు ఇంగ్లీషు మాటల్లో ఉన్నానని చెప్పాడు. మీరు మీ దారిన పోండి, మేం కుడికి తిరిగి మీ వెనక నుంచి పోతున్నాం అంది ఆ గొంతు. మసకలోంచి నాలుగంతస్తుల గోడ లాంటి ఓడ బయటికి వచ్చింది. రావడమే ముక్కు అటు తిప్పుకుంటూ వచ్చింది. తిరిగి, చాలా దూరంగా మా వెనక నుంచి వెళ్ళిపోయింది. దాని అలలకు మా బోటు ఊగింది. కత్తి తీసినవాడు దాన్ని నెమ్మదిగా ఒరలో పెట్టుకున్నాడు.

సరంగు మైకును ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. ఆ ఓడ మసకలో కలిసిపోయేదాకా చూసి, నా వైపు తిరిగి అన్నాడు.

“నలభై ఏళ్ళుగా ఈ ఓడల్ని చూత్తన్నానండి బాబుగారూ. మేమున్నామని వాటికి ఇయ్యాలే తెలిసిందండి.”